వచ్చే నెల నుంచి మా రిపేరు షాపులో మారేవి

ఖమ్మంలో మా షాపుకి మిక్సీలు, ఫ్యాన్లు తెచ్చే అందరికీ నమస్కారం. వచ్చే నెల ఒకటో తేదీ నుంచి వైండింగ్ రేట్లు, అంటే కాలిపోయిన మోటారుకి కొత్త తీగ చుట్టే రేట్లు పెంచుతున్నాను. కొన్ని వస్తువులు ఇక రిపేరుకి తీసుకోను. ఎందుకో దాపరికం లేకుండా చెప్తాను.

రేటు పెరగడానికి కారణం రాగి. 2020 మార్చిలో లండన్ మార్కెట్లో టన్ను 5,000 డాలర్ల లోపుకి పడిపోయిన రాగి, 2024 మేలో 10,000 దాటింది. హైదరాబాద్ ట్రూప్ బజార్ నుంచి నేను తెచ్చుకునే వైండింగ్ వైరు ధర దాన్ని బట్టే నడుస్తుంది. పాత రేటుకే చుట్టాలంటే సన్న వైరు వాడాలి. ఆ పని చేయను.

కౌంటర్ దగ్గర తరచూ వినే మాట ఒకటుంది: "అప్పటి సామాన్లు ఎంత గట్టివండీ, ఇప్పుడన్నీ తుక్కు." సగమే ఒప్పుకుంటాను. మా నాన్న షాపు నడిపిన రోజుల్లో ఫ్యాన్ కొనాలంటే చాలా ఇళ్లలో చీటీ పాడేవారు. అంత పెట్టి కొన్నారు కాబట్టే మోత రాగానే తెచ్చి బేరింగులు మార్పించేవారు. ఇప్పుడు కూలికి వెళ్లే వాళ్ల ఇంట్లోనూ గదికో ఫ్యాన్ తిరుగుతోంది. ఖమ్మం ఎండలు తెలిసినవాళ్లెవరూ దీన్ని తేలిగ్గా తీసుకోరు. పైగా మీ హాల్లో నలభై ఏళ్లుగా తిరిగే ఫ్యాన్ ఒక్కటే మీకు కనిపిస్తోంది. దాని ఈడువి ఎన్నో కాలిపోయి ఎప్పుడో తూకానికి వెళ్లిపోయాయి.

ఆ పాత ఫ్యాన్ 75 వాట్లు తీసుకుంటుంది. లోపల ఎలక్ట్రానిక్ బోర్డుతో నడిచే కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాన్‌కి 30 చాలు. రోజుకు పన్నెండు గంటలు వేస్తే నెలకు 16 యూనిట్ల తేడా. కరెంటు ఎంత ఆదా అవుతుందో చెప్పే స్టార్ లేబుల్ సీలింగ్ ఫ్యాన్లకి 2023 జనవరి నుంచి తప్పనిసరి అయింది, కొనేముందు చూడండి. చిక్కు ఎక్కడంటే, పాత ఫ్యాన్‌లో ముందుగా పోయేది కెపాసిటర్. ఏ కంపెనీదైనా సరిపోతుంది, పది నిమిషాల పని. కొత్తదాంట్లో పోయేది బోర్డు. ఒక మోడల్‌ది ఇంకోదానికి సాధారణంగా సరిపోదు, బయటి మెకానిక్‌కి అమ్మేవాళ్లూ తక్కువే. వారంటీ ఉంటే నా దగ్గరికి రాకుండా నేరుగా కంపెనీ సర్వీసుకే వెళ్లండి. 2022 డిసెంబరులో కేంద్రం రిపేరు హక్కు పోర్టల్ అనే వెబ్‌సైట్ తెచ్చింది, సర్వీసు వివరాలు అందులో చూసుకోవచ్చు. మాలాంటి చిన్న షాపులకి మాత్రం విడిభాగాలు అమ్మితేనే ఉపయోగం.

అసలు నాకు కోపం తెప్పించేవి అల్యూమినియం వైండింగ్ ఉన్న చౌక మిక్సీలు. కరెంటుని పారనిచ్చే గుణం అల్యూమినియానికి రాగిలో సుమారు 60 శాతమే. మోటారు త్వరగా వేడెక్కుతుంది, తెగితే టంకం సరిగ్గా పట్టదు. దానికి రాగి చుడితే బిల్లు కొత్త మిక్సీ ధర దరిదాపుల్లోకి పోతుంది. ఇక వాటిని తీసుకోను. ఎల్‌ఈడీ బల్బులూ అంతే: లోపలి చిప్ బాగానే ఉన్నా దానికి కరెంటు సర్ది ఇచ్చే డ్రైవర్ సర్క్యూట్ పోతుంది, అది మార్చే కూలికి కొత్త బల్బు వస్తుంది.

అలాగని విరిగిన ప్రతిదీ మోసం కాదు. జార్‌ని మోటారుకి కలిపే ప్లాస్టిక్ కప్లర్ అరిగిపోయిందని కంపెనీని తిట్టేవాళ్లున్నారు. జార్ బిగుసుకున్నప్పుడు మోటారు కాలకుండా అది తన పళ్లు పోగొట్టుకుంటుంది. కప్లర్ ఖర్చెంత, మోటారు ఖర్చెంత! పండక్కి పప్పు రుబ్బుతుండగా మిక్సీ ఆగిపోతే టెన్షన్ పడి ఆటో ఎక్కకండి. చాలా మిక్సీలకి అడుగున ఎర్ర బటన్ ఉంటుంది. ప్లగ్ తీసి, కాసేపు చల్లారనిచ్చి, దాన్ని నొక్కి చూడండి. నడిస్తే నా దగ్గర పనే లేదు.

ఇక నుంచి విప్పి చూసినందుకు వంద రూపాయలు తీసుకుంటాను. రిపేరు చేయిస్తే అది బిల్లులో తగ్గుతుంది. ఖర్చెంతో చీటీ మీద రాసిచ్చి, మీరు సరేనన్నాకే పని మొదలుపెడతాను. పాత భాగాలు అడిగితే ఇచ్చేస్తాను.

ఇచ్చి మర్చిపోయిన సామాను ర్యాకుల నిండా ఉంది. ఇస్త్రీపెట్టెలు, కుక్కర్లు, ఒక తడి గ్రైండరు కూడా. ఈ నెలాఖరులోగా చీటీ తెచ్చి తీసుకెళ్లండి. చీటీ పోతే వస్తువు గుర్తులు చెప్పినా చాలు.