బియ్యం సిద్ధం, బండి బాడుగకు సాయం చేయండి

ప్రభువునందు ప్రియమైన సహోదరీ సహోదరులకు ఒంగోలు సంఘ కమిటీ వందనాలు.

క్రిస్మస్‌కు ముందు నల్లమల చెంచు గూడేలకు పంపాలనుకున్న సామాను చాలావరకు చేతికొచ్చింది. స్త్రీల సమాజం వారు ఇంటింటా పిడికెడు బియ్యం తీసి పోగుచేశారు. దుప్పట్లు, కందిపప్పు, నూనె ప్యాకెట్లు హాల్లో గోడవారగా పేర్చి ఉన్నాయి. అడిగింది అడిగినట్టు ఇచ్చారు, దేవునికి స్తోత్రం. మళ్ళీ మీ ముందుకు వస్తున్నది సామాను కోసం కాదు, అది అక్కడికి చేర్చే ఖర్చు కోసం.

బియ్యం బస్తా మీద పేరు రాయించుకుంటామని వచ్చేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. డీజిల్ మీద పేరు రాయడం కుదరదు కాబట్టో ఏమో, ఆ పద్దు ఏటా ఖాళీగానే ఉంటోంది.

ఒంగోలు నుంచి పొదిలి, మార్కాపురం మీదుగా యర్రగొండపాలెం దాకా తారు రోడ్డే, బొలెరో పికప్ చాలు. అక్కడి నుంచి పాలుట్ల వైపు అడవి బాట పట్టాలంటే సామానంతా దించి ట్రాక్టర్‌కు ఎక్కించాలి. అంటే రెండు బాడుగలు, రెండుసార్లు హమాలీ. పులుల అభయారణ్యం కావడంతో అటవీ శాఖ అనుమతి ముందే తీసుకోవాలి, చీకటి పడకముందే బయటికి వచ్చెయ్యాలి. దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్ళే రోడ్డుకైతే రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు గేటే వేసేస్తారు. పొద్దున ఆలస్యంగా బయల్దేరితే ఆ రోజు దండగే, బాడుగ మాత్రం కట్టాల్సిందే. దారిలో వాగు పొంగితే నీళ్ళు తీసేదాకా వెయిటింగ్ చార్జీ. నవంబరు, డిసెంబరు తుఫాన్ల టెన్షన్ మన జిల్లావాళ్ళకు చెప్పక్కర్లేదు.

ట్రక్కులో సామాను సర్దడానికీ అనుభవం ఉన్నవాళ్ళు కావాలి. అడుగున వరిగడ్డి పరిచి బియ్యం బస్తాలు, సబ్బులు వాటికి దూరంగా వెనక వైపు. సబ్బు వాసన పట్టిన బియ్యం వండితే ముద్ద దిగదు. నూనె ప్యాకెట్లు మూత ఉన్న బకెట్లలో పెట్టాలి, కుదుపులకు ఒక్కటి పగిలినా కింద ఉన్నదంతా పాడే. దుప్పట్లు పైన, వాటి మీద టార్పాలిన్. మందుల పెట్టె మాత్రం డ్రైవర్ పక్కనే.

1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకు పని, కూలి ఇచ్చారు. కూటి కోసం సంఘంలో చేరారన్న మాట రాకూడదని ఆ కరువు కాలంలో బాప్తిస్మాలు ఆపేశారు కూడా. మన కమిటీదీ అదే పద్ధతి. ప్రార్థనకు వస్తారా రారా అని అడగం, గూడెంలో ప్రతి ఇంటికీ ఇచ్చి వస్తాం.

లీటరు డీజిల్ వంద రూపాయలకు దగ్గర్లో ఉంది. వెయ్యి రూపాయలిస్తే దాదాపు పది లీటర్లు. అంతకంటే తక్కువైనా మొహమాటపడకండి. ఆదివారం ఆరాధన తర్వాత ట్రెజరర్‌గారికి ఇచ్చి రసీదు అడిగి తీసుకోండి, లేదా నోటీసు బోర్డు మీది క్యూఆర్ కోడ్‌కు పంపండి. మన సంఘానికి విదేశీ విరాళాల రిజిస్ట్రేషన్ లేదు. విదేశాల్లో ఉన్న మన పిల్లలు భారత పాస్‌పోర్టుతో ఉంటే సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపవచ్చు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు మాత్రం దయచేసి పంపవద్దు, చట్టం ఒప్పుకోదు.

సొంత పికప్‌గానీ ట్రాక్టర్‌గానీ ఉన్నవారు ఒక్క రోజు బండి ఇచ్చినా కానుక కిందే రాసుకుంటాం, డీజిల్ మేమే పోయిస్తాం. పాత బట్టలు మాత్రం ఇక తేకండి. చిరిగిన చీరలు, గుండీలు ఊడిన చొక్కాలు ఏరి పక్కన పెట్టడానికే యువకులకు రెండు సాయంత్రాలు పట్టింది. మోసుకెళ్ళే ప్రతి కిలోకూ బాడుగ కడుతున్నామని గుర్తుంచుకోండి.

ఇట్లు,
సంఘ కమిటీ, ఒంగోలు