ఎం-బుక్‌లో (పని కొలతల పుస్తకంలో) పేరు ఎవరిది? మహిళా ఇంజనీర్ల సంఘం వార్షిక నివేదిక, విజయనగరం, 2025–26

సభ్యులందరికీ నమస్కారం.

కిందటి సర్వసభ్య సమావేశంలో మీరు కార్యవర్గానికి చాలా పనులు అప్పగించారు. వాటిలో ఒక్కదాని మీదే, అంటే మహిళా ఇంజనీర్లకు సైటు పని, దానికి గుర్తింపు దక్కేలా చూడటం మీదే, ఈ ఏడాది ఎక్కువ కాలం గడిపాం. మిగిలినవాటికి న్యాయం జరగలేదని కొందరికి అనిపించవచ్చు. అందుకే ఎందుకలా చేశామో ముందుగా చెబుతాను.

ఆడపిల్లలు ఇంజనీరింగ్ చదవడం లేదన్న మాట మన వైపు ఎప్పుడో పాతబడింది. చింతలవలస, రాజాం, టెక్కలి, ఎచ్చెర్ల, ఏ కాలేజీకి వెళ్లినా తరగతిలో ముందు వరుసలు వాళ్లవే. ప్రభుత్వ నియామకాల్లో మహిళలకు మూడో వంతు రిజర్వేషన్ ఉంది కాబట్టి ఉద్యోగాలూ వస్తున్నాయి. చిక్కంతా ఆ తరువాతే. చేరిన మొదటి వారంలోనే ఒక పెద్దాయన వాత్సల్యంగా "ఎండలో నీకెందుకమ్మా, ఆఫీసులో కూర్చో" అంటారు. ఆ వాత్సల్యం ఖరీదు పదేళ్లకు గానీ తెలియదు. ఈలోగా ఆమె ఎస్టిమేట్లలో, టపాల్లో, సమీక్షా సమావేశాల పట్టికల్లో ఆరితేరుతుంది. పునాది గోతిలోకి దిగి మట్టి చేత్తో నలిపి చూసి, ఇక్కడ ఇంకో అడుగు తవ్వండి అని చెప్పగల నేర్పు మాత్రం ఆమెతో పాటు చేరిన అబ్బాయికి అబ్బుతుంది. సీనియారిటీ జాబితాలో ఇద్దరి పేర్లూ పక్కపక్కనే ఉంటాయి. కష్టమైన పని పడినప్పుడు పిలుపు మాత్రం ఒకరికే వస్తుంది.

అందుకని సన్మానాలు, శాలువాలు ఈ ఏడాదికి పక్కన పెట్టాం. సైటు మీద పని, ఆ పనికి కాగితం మీద పేరు, ఈ రెండే పట్టుకున్నాం. (శాలువాలు మానేసినందుకు నొచ్చుకున్నవారు ఉన్నారు. వారి బీరువాల్లో ఇప్పటికే ఎన్ని ఉన్నాయో నాకు తెలుసు కాబట్టి క్షమాపణ చెప్పడం లేదు.)

సైటు పాఠాలు

గ్రామ సచివాలయాలు 2019లో మొదలైనప్పుడు ఇంజనీరింగ్ అసిస్టెంట్ల ఉద్యోగాలు వచ్చాయి. డిప్లొమా, బీటెక్ చేసిన ఆడపిల్లలు మన జిల్లాల్లో పెద్ద సంఖ్యలో చేరారు. ఊళ్లో సిమెంటు రోడ్డు వేసినా, మురుగుకాలువ కట్టినా, ఉపాధి హామీ కింద పని జరిగినా టేపు పట్టుకుని మొదట నిలబడేది వీళ్లే. పైన ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్), ఆపైన డీఈ (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్) తనిఖీ చేస్తారు. కానీ మొదటి కొలత తప్పితే పైవాళ్లు చేసేదీ పెద్దగా ఉండదు. ఇంత ముఖ్యమైన పనిని వీళ్లలో చాలామంది ఎవరూ నేర్పకుండా, బిల్లు కోసం తొందరపెట్టే కాంట్రాక్టరు ఎదురుగా నిలబడి నేర్చుకున్నారు.

వీరి కోసం ఆదివారాల్లో సైటు మీదే తరగతులు పెట్టాం. మొదటిది చంపావతి వైపు జరుగుతున్న ఒక చిన్న వంతెన పని దగ్గర. పదవీ విరమణ చేసిన ఇద్దరు ఇంజనీర్లు పాఠం చెప్పారు. ఎత్తుపల్లాలు కొలిచే ఆటో లెవెల్ నిలబెట్టడం, ఎత్తు ముందే తెలిసిన గుర్తు (బెంచ్ మార్క్) నుంచి లెవెల్స్ తీసుకోవడం, ఇనుము కట్టిన తీరు చూడటం, ఇనుమును అచ్చుకు ఎడంగా ఉంచే కవర్ బ్లాకులు ఉన్నాయో లేవో వంగి చూడటం, అన్నీ చేతితో చేయించారు. కాంక్రీటు పాఠమే అందరికీ గుర్తుండిపోయింది. ఎం20 అని డ్రాయింగులో రాస్తే సరిపోదు. 150 మిల్లీమీటర్ల క్యూబులు పోసి, నీళ్లలో ఉంచి, 28 రోజులకు నొక్కి చూస్తే చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్లు తట్టుకోవాలి. కాంక్రీటు సులువుగా సర్దుకుంటుందని మేస్త్రీ నీళ్లు ఎక్కువ పోయిస్తే ఆ బలం ఎక్కడికి పోతుందో మాటల్లో చెప్పనక్కర లేకపోయింది. మిశ్రమం ఎంత పలచగా ఉందో చూసే స్లంప్ కోన్ (గరాటు లాంటి అచ్చు) ఎత్తగానే మిశ్రమం అంబలిలా పరుచుకుపోయింది. మేస్త్రీ నవ్వేశాడు, పిల్లలు నవ్వలేదు. ఆ మధ్యాహ్నం రెండో మిశ్రమానికి నీళ్లు కొలిచి పోయించింది సంఘం పెద్దలు కాదు, మెరకముడిదాం వైపు నుంచి వచ్చిన ఒక అసిస్టెంటు.

తరువాత ఎం-బుక్ పాఠం. కొలిచినవారే రాయాలి, సైటు మీదే రాయాలి, సిరాతో రాయాలి. తప్పు పడితే చెరపకుండా అడ్డగీత కొట్టి పొట్టి సంతకం పెట్టాలి. ఇవి అందరికీ తెలిసిన నియమాలే. అయితే ఆరోజు చర్చలో బయటపడింది ఇంకొకటి. కొన్ని చోట్ల కొలిచేది ఒకరు, పుస్తకంలో పేరు ఇంకొకరిది. "మీరు కొలతలు కాగితం మీద రాసి ఇవ్వండి, పుస్తకం మేం చూసుకుంటాం" అన్న మాట ఒకరికి కాదు, చాలామందికి ఎదురైంది. ఇది పేరు కోసం పడే తగవు మాత్రమే కాదు. రేపు విజిలెన్స్ వారు వస్తే నిజంగా కొలిచిన మనిషి సాక్ష్యానికి దొరకదు. పదోన్నతి వేళ ఆమె చేసిన పనికి ఆధారమూ దొరకదు. కొలిచినవారి పేరు, తేదీ తప్పకుండా నమోదు చేయాలని సంబంధిత కార్యాలయాలకు వినతిపత్రం ఇచ్చాం. ఒక చోట వెంటనే సర్దుబాటు జరిగింది. మరో చోట పత్రం అందినట్టు ముద్ర వేసి ఇచ్చారు, అంతవరకే. ఆ ముద్రను దాచాం.

ఎస్టిమేటులో ఒక వరుస

సైటుకు వెళ్లమంటే వెళ్తాం కానీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగకుండా ఉండాల్సి వస్తోంది అని చెప్పినవారు ఎందరో. మరుగుదొడ్డి లేదు. ఉన్న చోట తలుపు లేదు, లేదా గొళ్లెం లేదు. భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టం 1996లోనే వచ్చింది. పని జరిగే చోట మరుగుదొడ్లు, తాగునీరు ఉండాలని, 50 మందికి మించి మహిళా కార్మికులు ఉంటే పిల్లల కోసం గది కూడా ఉండాలని అందులో ఉండేది (2025 నవంబర్ నుంచి దాని స్థానంలో కొత్త లేబర్ కోడ్ వచ్చింది). చట్టం ఉన్నా ఎందుకు జరగడం లేదని మన సభ్యురాలు ఒకరు తవ్వి చూస్తే కారణం చాలా చిన్నది. చిన్న పనుల ఎస్టిమేట్లలో దానికి డబ్బు కనబడదు. ఎస్టిమేటులో లేనిది ఎవరూ కట్టరు.

మనం చేయగలిగింది కూడా అదే కదా. తాత్కాలిక మరుగుదొడ్డికి, నీటి డ్రమ్ముకు, తెరకు ఒక నమూనా ఐటమ్ తయారుచేసి, రేటు విశ్లేషణతో సహా సభ్యులకు పంపాం. కాంట్రాక్టరును బతిమాలడం కంటే ఇది మేలు. కొంతమంది ఏఈలు దాన్ని తమ ఎస్టిమేట్లలో పెట్టారు. కొన్ని పైకి వెళ్లి కోత పడ్డాయి, కొన్ని నిలిచాయి. నిలిచిన చోట మొదట వాడుకున్నది మట్టి మోసే ఆడవాళ్లు. మన వినతిపత్రాల్లో వాళ్ల ప్రస్తావన ఇన్నాళ్లూ లేకపోవడం ఇకముందు సరిదిద్దుకోవలసిన సంగతి.

జూన్ 23

బ్రిటన్‌లో మహిళా ఇంజనీర్ల సొసైటీ 1919 జూన్ 23న ఏర్పడింది. ఆ తేదీనే మహిళా ఇంజనీర్ల దినంగా జరుపుకుంటున్నారు. ఈసారి ఆ దినం సందర్భంగా మనం పెట్టుకున్న సభకు కొద్దిరోజుల ముందే, 2025 జూన్ 6న, జమ్మూ కశ్మీర్‌లో చినాబ్ రైలు వంతెన ప్రారంభమైంది. నదీగర్భం నుంచి 359 మీటర్ల ఎత్తు, 1,315 మీటర్ల పొడవు. ఆ కొండవాలు పనికి భూసాంకేతిక (నేల, రాతి బలానికి సంబంధించిన) సలహాదారుగా పదిహేడేళ్లు పనిచేసిన ప్రొఫెసర్ మాధవీలత ప్రకాశం జిల్లా ఆడపడుచు. 1992లో కాకినాడ జేఎన్‌టీయూ కాలేజీలో సివిల్ బీటెక్ చేసి, ఇప్పుడు బెంగళూరు ఐఐఎస్సీలో పాఠం చెబుతున్నారు. పిల్లలంతా ఆమె గురించే చెప్పమన్నారు.

చెప్పాం. పగుళ్లు, బొరియలు ఉన్న రాయి ముందే గీసుకున్న డ్రాయింగుకు లొంగదు. తవ్వే కొద్దీ బయటపడిన రాతిని బట్టి డిజైన్ మార్చుకుంటూ పోవాల్సి వచ్చింది. సైటు తెలియని మనిషికి ఇది సాధ్యం కాదు. ప్రారంభం తరువాత పత్రికలన్నీ వంతెన వెనుక ఉన్నది ఈమే అన్నట్టు రాస్తే, వేలమందిలో తాను ఒకరినని, ఘనత రైల్వేకు, కట్టిన సంస్థకు, ఆ జనానికి చెందుతుందని ఆమె చెప్పుకున్నారు. ఈ మాట నాకు బాగా నచ్చింది. మనం కోరే గుర్తింపు దండ కాదు. ఎవరు ఏ పని చేశారో ఉన్నది ఉన్నట్టు రాసిపెట్టడం. ఎక్కువ రాసినా తప్పే, అసలు రాయకపోయినా తప్పే.

మన దేశపు తొలి మహిళా ఇంజనీర్లలో ఒకరైన అయ్యలసోమయాజుల లలిత గారి గురించి కూడా మాట్లాడుకున్నాం. పదిహేనేళ్లకు పెళ్లి, పద్దెనిమిదేళ్లకు వైధవ్యం, ఒళ్లో నాలుగు నెలల పాప. తండ్రి పప్పు సుబ్బారావు గారు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ఆచార్యులు. ఆయన, ప్రిన్సిపాల్ చాకో పట్టుబట్టి ఆమెను 1940లో చేర్చుకున్నారు. 1943లో పట్టా చేతికిచ్చేటప్పుడు అచ్చులో మగవారికని ఉన్న చోట కలంతో కొట్టి దిద్ది ఇచ్చారు. తరువాత కలకత్తాలో ఉద్యోగం, భాక్రా నంగల్ విద్యుత్ పనులు, 1964లో న్యూయార్క్‌లో మహిళా ఇంజనీర్లు, శాస్త్రవేత్తల మొదటి అంతర్జాతీయ సదస్సు. అదే కాలేజీలో ఆమెతో చదివిన పి.కె. త్రేసియా కొచ్చిన్ సంస్థానపు పబ్లిక్ వర్క్స్ శాఖలో చేరి, 1971లో కేరళలో చీఫ్ ఇంజనీర్ అయ్యారు. వెనక నుంచి ఒక పిల్ల లేచి "మేడమ్, మన రాష్ట్రంలో మొదటి మహిళా చీఫ్ ఇంజనీర్ ఎవరు?" అని అడిగింది. వేదిక మీద ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. వచ్చే ఏడాది ఆ జాబితా వెతికి తీసే పని ఆ పిల్లకే అప్పగించాం. ఒప్పుకుంది.

రాత్రి షిఫ్టు

2025 నవంబర్ 21న పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్‌లు అమలులోకి వచ్చాయి. మహిళలు తమ సమ్మతితో, భద్రతా నిబంధనలకు లోబడి రాత్రి ఏడు తరువాత, ఉదయం ఆరుకు ముందు పనిచేయవచ్చు. పైడిభీమవరం మందుల కంపెనీల్లో, బొబ్బిలి ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారాల్లో పనిచేసే సభ్యులతో దీని మీద ఒక సాయంత్రమంతా వాదన జరిగింది. రాత్రి షిఫ్టుకు రారని చెప్పి ఆడవాళ్లను మెయింటెనెన్స్ నుంచి తప్పించి డాక్యుమెంటేషన్‌లో కూర్చోబెట్టారు, ఇక ఆ సాకు ఉండదని కొందరు. సమ్మతి అనేది జీతం ఇచ్చేవాడు అడిగితే సమ్మతి ఎలా అవుతుందని మరికొందరు. ఇద్దరిదీ నిజమే. నా మటుకు నాకు రాత్రి పని వద్దనే సంఘంగా మనం ఉండకూడదనిపిస్తుంది. కానీ వాహనం ఇంటి గుమ్మం దాకా రావాలి, హైవే జంక్షన్ దాకా కాదు. నిరాకరించినవారి పేరు పక్కన ఎర్ర గీత పడకూడదు. ఈ రెండూ రాతపూర్వకంగా అడగాలని తీర్మానించాం.

2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలి. అంతకంటే చిన్న చోట్ల పనిచేసేవారు జిల్లా స్థానిక కమిటీకి వెళ్లవచ్చు. ఈ ఏడాది సంఘాన్ని ఆశ్రయించినవారికి దరఖాస్తు రాయడంలో తోడు నిలిచాం. అంతకంటే ఇక్కడ రాయడం సబబు కాదు.

మిగిలిన పనులు

అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) ప్రగతి స్కాలర్‌షిప్ కింద కుటుంబ ఆదాయం ఎనిమిది లక్షల లోపు ఉన్న ఆడపిల్లలకు ఏడాదికి 50,000 రూపాయలు వస్తాయి. కుటుంబంలో ఇద్దరు అమ్మాయిల వరకు, డిప్లొమా వారికీ డిగ్రీ వారికీ ఇస్తారు. దరఖాస్తు చేసేవాళ్లు తక్కువ. ఆదాయ ధ్రువపత్రం, ఆధార్‌తో ముడిపడిన బ్యాంకు ఖాతా, ఈ రెండింటి దగ్గరే ఆగిపోతున్నారు. ఖాతా తండ్రి పేరున ఉంటే చాలనుకున్న తల్లులకు నచ్చజెప్పడానికే చాలా ఓపిక పట్టింది.

వంశధార మీద గొట్టా బ్యారేజీకి విద్యార్థినులను తీసుకెళ్లాం. గేట్ల యంత్రాంగం దగ్గర మెకానికల్ పిల్లలు కదల్లేదు. తోటపల్లి బ్యారేజీ యాత్ర మాత్రం మొంథా తుపాను హెచ్చరికలతో వాయిదా పడింది. ఆ వారం మన సభ్యులు చాలామంది విధుల్లోనే ఉన్నారు. మరో సంగతి, పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం వారంలో సమావేశం పెట్టకూడదని ఇక నియమావళిలోనే రాసుకుందాం.

పిల్లలు పుట్టాక ఉద్యోగం మానేసి తిరిగి చేరాలనుకునేవారికి డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ తరగతులు ఒక సభ్యురాలి ఇంటి మేడ మీద సాగుతున్నాయి. ఫలితం చెప్పడానికి ఇంకా తొందర.

గుర్తింపు విషయంలో కొత్తగా చేసింది 'పని పత్రం'. ఏ పని, ఎక్కడ, అందులో ఆమె స్వయంగా తీసుకున్న నిర్ణయం ఏది అన్నది ఒక పేజీలో రాసి, ఆ పని చూసిన ఇద్దరు సీనియర్ ఇంజనీర్ల సంతకం తీసుకుంటున్నాం. చార్టర్డ్ ఇంజనీర్ గుర్తింపు దరఖాస్తుకు అనుభవం చూపించాల్సి వస్తే చేతిలో ఒక ఆధారం ఉంటుంది. శిలాఫలకం మీద మంత్రి నుంచి వార్డు సభ్యుడి దాకా అందరూ పట్టాక ఇంజనీరుకు చోటు మిగలదు. కనీసం ఈ కాగితం మన చేతిలో ఉంది.

శ్రీకాకుళం సభ్యులకు ఈ ఏడాది తక్కువే చేశాం. సమావేశాలన్నీ విజయనగరంలో పెట్టి, వాళ్లు రాలేదని అనుకోవడం సరికాదు. వచ్చే కార్యవర్గం సగం సమావేశాలు అక్కడ పెట్టాలని మా సిఫారసు.

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. చందా బాకీ ఉన్నవారు సర్వసభ్య సమావేశం లోపు చెల్లిస్తేనే ఓటు. కార్యదర్శి పదవికి నేను మళ్లీ పోటీ చేయడం లేదు. సైటు అనుభవం ఉన్నవారెవరైనా ముందుకు రండి. సమావేశానికి వచ్చేటప్పుడు ఎవరి పని పత్రం వారు నింపి తెచ్చుకోండి, సంతకాలు పెట్టే సీనియర్లు అక్కడే ఉంటారు. భోజనానికి ఎంతమంది వస్తారో రెండు రోజుల ముందు చెప్పండి.

కార్యదర్శి