జరగనిదాన్ని లెక్కగట్టే చదువు

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం వచ్చి పది రోజులు దాటింది. డిసర్టేషన్ తుది ప్రతి సమర్పించే హడావుడిలో పడి వెంటనే జవాబు రాయలేకపోయాను, మరోలా అనుకోకు. నిన్న సాయంత్రం ఆ ప్రతి నా చేతులు దాటిపోయింది కాబట్టి, ఈ రోజు తీరిగ్గా కూర్చొని నువ్వు అడిగినదానికి దాపరికం లేకుండా సమాధానం చెప్పాలనుకుంటున్నాను.

ధరలు ఎందుకు పెరుగుతాయి, ఎంత కష్టపడినా కొందరు పేదలుగానే ఎందుకు మిగిలిపోతారు అన్న ప్రశ్నలు మనసులో పెట్టుకొని అర్థశాస్త్రంలో ఎం.ఏ.కు వెళితే, అక్కడ లెక్కలు తప్ప మనుషులు కనిపించరని నీకు ఎవరో చెప్పారన్నావు. ఆ మాటను పూర్తిగా కొట్టిపారేయలేను. మొదటి సెమిస్టరులో నాకూ అలాగే అనిపించింది. చేరి తప్పు చేశానేమోనన్న దిగులుతో నిద్ర పట్టని రాత్రులు ఉన్నాయి. అయితే రెండేళ్లు గడిచాక వెనక్కి చూసుకుంటే, ఈ చదువంతా ఒకే పనిని రకరకాల పేర్లతో నాకు నేర్పిందని స్పష్టంగా తెలుస్తోంది. కళ్ల ముందు జరిగినదాన్ని, జరగకుండా పోయినదాని పక్కన పెట్టి చూడడమే ఆ పని. ఈ మాట మొదటి రోజునే ఎవరైనా చెప్పి ఉంటే నాకు దారి ఎంతో సుగమమయ్యేది. అందుకే నీకు కాస్త విస్తరించి రాస్తున్నాను.

ముందు లెక్కల సంగతి. సమాన సంతృప్తినిచ్చే వస్తువుల కలయికలను చూపుతూ డిగ్రీలో బొమ్మలు గీసి చెప్పిన ఉదాసీనతా వక్రరేఖలు ఇక్కడ మొదటి వారంలోనే వెనక్కి తగ్గి, వాటి స్థానంలో కుంభాకార సమితులు, అవకలనాలు, రుజువులు వచ్చి కూర్చుంటాయి. అన్ని మార్కెట్లలోనూ ఒకేసారి గిరాకీ, సరఫరా సరిపోయే ధరలు అసలు ఉంటాయా అన్న ప్రశ్నకు 1954లో కెన్నెత్ ఆరో, జెరార్డ్ డెబ్రూ ఇచ్చిన రుజువును చూసినప్పుడు, నేను వచ్చింది అర్థశాస్త్రానికా గణితానికా అన్న సందేహం కలిగింది. కానీ ఒక చిన్న లెక్క నా భయాన్ని చాలావరకు పోగొట్టింది. దాన్ని నీకు దగ్గరగా చూపిస్తాను.

ఒక మనిషి దగ్గర 10 యూనిట్ల ఆదాయం ఉందనుకో. అతను కొనగలిగినవి రెండే వస్తువులు, ఒక్కొక్కదాని ధర 1. రెండింటి పరిమాణాలను గుణిస్తే వచ్చే సంఖ్యే అతని సంతృప్తి అనుకుందాం. చెరో ఐదూ కొంటే 25 వస్తుంది, అంతకు మించి ఎలా కొన్నా రాదు. ఆదాయ పరిమితిని లెక్కలో చేర్చడానికి లాగ్రాంజ్ పద్ధతిలో లాంబ్డా అనే ఒక గుర్తును ప్రవేశపెడతాం, చివర దాని విలువ 5 అని తేలుతుంది. సెమిస్టరు సగం గడిచేవరకు నేను ఆ 5ను పట్టించుకోకుండా, వస్తువుల పరిమాణాలు రాసేసి తరువాతి లెక్కకు వెళ్లిపోయేవాణ్ణి. ఒక రోజు ట్యుటోరియల్‌లో మా మాస్టారు నా కాగితం మీద ఆ 5 చుట్టూ సున్నా చుట్టి, "ఇది ఏమిటి?" అని మాత్రం అడిగారు. నా దగ్గర సమాధానం లేదు. ఆదాయాన్ని 10 నుంచి 10.1కి పెంచి మళ్లీ చేయమన్నారు. సంతృప్తి 25 నుంచి సుమారు 25.5కు చేరింది. పదో వంతు యూనిట్ ఆదాయం పెరిగితే అర యూనిట్ సంతృప్తి పెరిగింది, అంటే ఒక యూనిట్‌కు 5. ఆ మనిషి దగ్గర లేని మరొక యూనిట్ ఆదాయం అతనికి ఎంత విలువైనదో ఆ గుర్తు చెబుతోంది! లేనిదానికి ధర కట్టే పనిముట్టు నా చేతిలోనే ఉండగా, నెలల తరబడి దాన్ని చూడకుండా వదిలేశానని అప్పుడు తెలిసింది. ఆ రోజు నుంచి లెక్కలు నాకు అడ్డుగోడల్లా కనిపించడం మానేశాయి.

ఆ తరువాత ఎక్కడ చూసినా ఇదే కనిపించసాగింది. అవకాశ వ్యయం అంటే మనం ఎంచుకోకుండా వదిలేసిన దారి విలువే కదా. ఒకరి నిర్ణయం మరొకరి నిర్ణయం మీద ఆధారపడే పరిస్థితులను పరిశీలించే క్రీడా సిద్ధాంతంలో రైన్‌హార్డ్ సెల్టెన్ 1965లో చెప్పిన విషయమూ ఇలాంటిదే: ఒక బెదిరింపు ఎన్నడూ అమలు కాకపోయినా, అమలు చేయవలసి వస్తే నిజంగా చేస్తారా అన్నదాని మీదే దాని బలమంతా ఆధారపడి ఉంటుంది. పాత సంస్థ ధరల యుద్ధానికి దిగుతుందన్న భయంతో కొత్త సంస్థ మార్కెట్‌లోకి రాకుండా ఉండిపోతే, మనకు పైకి కనిపించేది ప్రశాంతత మాత్రమే. ఆ ప్రశాంతతను నిలబెడుతున్నది మాత్రం ఎప్పుడూ జరగని యుద్ధం.

వ్యక్తుల, సంస్థల నిర్ణయాలను పరిశీలించే సూక్ష్మ అర్థశాస్త్రంలో నా మనసుకు అన్నిటికన్నా దగ్గరైనది జార్జ్ అకెర్లాఫ్ 1970లో ప్రచురించిన వ్యాసం. మూడు పత్రికలు తిప్పి పంపిన తరువాత అది వెలుగు చూసింది. 2001లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చిందీ ఆ ఆలోచనకే. వాడిన కార్ల మార్కెట్‌ను ఊహించుకో. కార్ల నాణ్యత 0 నుంచి 100 వరకు సమానంగా పరచుకొని ఉంది. తన కారు ఎలాంటిదో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. ప్రతి కారూ అమ్మేవాడికన్నా కొనేవాడికి ఒకటిన్నర రెట్లు ఎక్కువ విలువైనది, అందుచేత ప్రతి కారూ చేతులు మారడమే ఇద్దరికీ మేలు. ఇప్పుడు ధర 60 అనుకో. అరవైకి మించిన విలువ గల కారు ఉన్నవాడు అమ్మడు. మార్కెట్‌కు వచ్చేవి 0 నుంచి 60 వరకు ఉన్నవే, వాటి సగటు 30, కొనేవాడికి దాని విలువ 45. నలభై అయిదు విలువ చేసేదానికి అరవై ఎవరిస్తారు? ధరను 40కి దించితే మంచి కార్లు మరికొన్ని తప్పుకుంటాయి, సగటు 20కి, కొనేవాడి దృష్టిలో విలువ 30కి పడిపోతుంది. ఎంత దించినా ఇదే తంతు. చివరికి ఒక్క కారూ అమ్ముడుపోదు. ఇందులో మోసం చేసినవాడు ఎవడూ లేడు, నష్టం మాత్రం జరిగిపోయింది. ఆ నష్టం ఏ లెక్కల పుస్తకంలోనూ కనిపించదు, ఎందుకంటే జరగని అమ్మకాలను ఎవరూ నమోదు చేయరు. రుణాల మార్కెట్, బీమా మార్కెట్ కొందరి ముందు ఎందుకు తలుపులు మూసుకుంటాయో నాకు అర్థం కావడం ఇక్కడే మొదలైంది. పేదరికం గురించి నువ్వు అడిగిన ప్రశ్నకు ఇది చాలా దగ్గరి దారి.

ఆర్థిక వ్యవస్థను మొత్తంగా చూసే స్థూల అర్థశాస్త్రం గురించి ఎక్కువ రాయను. అది నాకు ఆలస్యంగా పట్టుబడింది, ఇప్పటికీ కొన్ని నమూనాల మీద నాకు నమ్మకం కుదరలేదు. ఒక్క విషయం మాత్రం చెప్పాలి. 1976లో రాబర్ట్ లూకస్ చేసిన విమర్శ ప్రకారం, పాత విధానం అమలులో ఉన్నప్పుడు ప్రజలు ఎలా ప్రవర్తించారో చూసి, కొత్త విధానం వచ్చినా అలాగే ప్రవర్తిస్తారని అనుకోకూడదు. విధానం మారితే వారి అంచనాలూ మారతాయి, అంచనాలతో పాటు నడవడికా మారుతుంది. ఇంకా అమలు కాని విధానం కింద మనుషులు ఏం చేస్తారో తేల్చుకోవాలంటే వారి ఎంపికల మూలాల దాకా వెళ్లాలి. ఈ కోర్సులో అన్ని సమీకరణాలు ఎందుకున్నాయని నేను విసుక్కున్నప్పుడల్లా ఈ కారణమే నన్ను మళ్లీ పుస్తకం ముందు కూర్చోబెట్టింది.

ఇక ఎకనామెట్రిక్స్, అంటే ఆర్థిక వాదనలను డేటాతో పరీక్షించే విద్య. నువ్వు ఈ ఒక్క సబ్జెక్టు కోసమైనా రావాలని నా కోరిక. కనీస వేతనం పెంచితే ఉద్యోగాలు తగ్గుతాయా అన్నది ఎంతో పాత వాదన. 1992 ఏప్రిల్‌లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం గంటకు 4.25 డాలర్లు ఉన్న కనీస వేతనాన్ని 5.05కు పెంచింది. పక్కనున్న పెన్సిల్వేనియా పెంచలేదు. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ న్యూజెర్సీలోనూ తూర్పు పెన్సిల్వేనియాలోనూ కలిపి 410 ఫాస్ట్‌ఫుడ్ రెస్టారెంట్లను పెంపుకు ముందొకసారి, తరువాత ఒకసారి సర్వే చేసి, ఫలితాలను 1994లో ప్రచురించారు. ఒక్కో రెస్టారెంట్‌లో పూర్తికాలపు లెక్కన పనివారి సగటు న్యూజెర్సీలో 20.4 నుంచి 21.0కు పెరిగింది. పెన్సిల్వేనియాలో 23.3 నుంచి 21.2కు తగ్గింది. న్యూజెర్సీని ఒక్కదాన్నే చూస్తే పెరుగుదల చాలా స్వల్పం. కానీ వేతనం పెంచకపోతే న్యూజెర్సీలో ఏం జరిగి ఉండేది? ఆ జరగని న్యూజెర్సీకి బదులుగా వారు పెన్సిల్వేనియాను నిలబెట్టారు. అప్పుడు రెండు చోట్ల వచ్చిన మార్పుల మధ్య తేడా సుమారు 2.7 అయింది, వేతనం పెంచడం వల్ల ఉద్యోగాలు తగ్గినట్లు కనిపించలేదు. తరువాత డేవిడ్ న్యూమార్క్, విలియం వాషర్ వేతన చెల్లింపుల రికార్డులతో దీన్ని గట్టిగా ప్రశ్నించారు, వాదోపవాదాలు ఏళ్ల తరబడి సాగాయి. ఈ రెండు పక్షాల వ్యాసాలనూ పక్కపక్కన పెట్టుకొని చదివిన వారం నా చదువులోకెల్లా గొప్ప వారం. ఇరుపక్షాలూ తగవు పడింది సిద్ధాంతాల మీద కన్నా, జరగనిదానికి ఏది సరైన ప్రతినిధి, దాన్ని కొలిచిన తూనిక సరైనదా అన్న దాని మీదే. 2021లో కార్డ్‌కు నోబెల్ వచ్చేనాటికి క్రూగర్ జీవించి లేరు; అది తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఇంత చదివి కూడా నా డిసర్టేషన్‌లో నేను అదే తప్పు చేశాను. ఉపాధి శిక్షణ పొందినవారి ఆదాయం శిక్షణకు ముందు సంవత్సరం ఎంత, తరువాత సంవత్సరం ఎంత అని పోల్చి, శిక్షణ వల్ల బ్రహ్మాండమైన మేలు జరిగిందని మొదటి ముసాయిదాలో రాశాను. మా గైడు గారు దాన్ని ఆసాంతం చదివి, "వీళ్లు శిక్షణకు ఎందుకు వచ్చారు?" అని అడిగారు. ఒక్క సంవత్సరం కాదు, అయిదేళ్ల ఆదాయాలు గీసి చూడమన్నారు. గీసేసరికి విషయం బయటపడింది. శిక్షణకు సరిగ్గా ముందు సంవత్సరంలో ఆ గీత గోతిలో పడినట్లు కిందికి దిగి ఉంది. పని పోయినవారు, సంపాదన పడిపోయినవారు కాబట్టే వారు శిక్షణకు వచ్చారు. శిక్షణ లేకపోయినా వారిలో చాలామంది ఏడాది తిరిగేసరికి ఎలాగో ఒకలా కోలుకునేవారే. ఓర్లీ ఆషెన్‌ఫెల్టర్ 1978లోనే ఈ గోతిని గుర్తించారు, నేను పరీక్షలో దాని గురించి రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. అయినా నా సొంత డేటాలో అది ఎదురుగా ఉంటే చూడలేకపోయాను. నాలుగు నెలల పని తిరగరాయవలసి వచ్చింది. చివరికి తేలిన ఫలితం మొదటిదానిలో మూడో వంతు కూడా లేదు. కానీ దాన్ని ఎవరి ముందైనా నిలబడి సమర్థించుకోగలను.

జేమ్స్ హెక్‌మన్ 1979లో పరిష్కారం చూపిన సమస్య కూడా దీనికి తోబుట్టువే. స్త్రీల వేతనాల డేటాలో ఉద్యోగం చేస్తున్నవారే ఉంటారు. వచ్చే జీతం గిట్టుబాటు కాదని ఇంటి వద్ద ఉండిపోయిన స్త్రీకి ఎంత వచ్చి ఉండేదో ఎక్కడా నమోదు కాదు. ఆమెను వదిలేసి సగటు కడితే ఆ సగటు నిజం చెప్పదు. లెక్కల్లో మనుషులు కనిపించరని నీతో అన్నవారికి ఈ ఉదాహరణ చెప్పు. డేటాలో లేని మనిషిని కూడా లెక్కలోకి తేవాలని పట్టుబట్టే చదువు ఇది.

ఇక నీ సన్నద్ధత విషయం. అవకలనం, మాత్రికలు, సంభావ్యత ఈ మూడూ చేరకముందే చేతికి అలవాటు కావాలి. చదివి అర్థమైందనుకుంటే చాలదు, కాగితం మీద చేయాలి. వార్తల్లోని ఆర్థిక విశ్లేషణలు చదివినంత మాత్రాన మొదటి సెమిస్టరు గట్టెక్కదు, ఇది నీకు కఠినంగా తోచినా చెప్పక తప్పదు. డేటాను విశ్లేషించే సాఫ్ట్‌వేర్లలో ఆర్ గానీ స్టాటా గానీ ఏదో ఒకటి మొదలుపెట్టు. ఒకటి వస్తే రెండోది నేర్చుకోవడం కష్టం కాదు. ప్రాబ్లమ్ సెట్లు ముందు ఒంటరిగా ప్రయత్నించి, ఆ తరువాతే నలుగురితో కలిసి కూర్చో. మొదటే కలిసి చేస్తే పక్కవాడి తెలివిని మన తెలివి అనుకునే ప్రమాదం ఉంది. కోర్సు ఎంచుకునేటప్పుడు అది పరిశోధనకు, పీహెచ్‌డీకి తయారుచేసేదా, నేరుగా ఉద్యోగానికి పంపేదా అన్నది సిలబస్ చూసి తెలుసుకో. కేంద్ర బ్యాంకులు, గణాంక సంస్థలు, పరిశోధన కేంద్రాలు, బ్యాంకులు ఈ డిగ్రీ ఉన్నవారిని తీసుకుంటాయి, కాబట్టి ఆ దిగులు ఇప్పుడే పెట్టుకోకు.

నువ్వు తేల్చుకునేలోపు ఒక్క పని చేసిపెట్టు. పైన రాసిన లెక్కలోనే రెండో వస్తువు ధరను 1 నుంచి 2కు మార్చు, ఆదాయం 10 అలాగే ఉంచు. లాంబ్డా 5 కన్నా పెరుగుతుందా, తగ్గుతుందా? లెక్క మొదలుపెట్టకముందే నీ ఊహను, దానికి నీకు తోచిన కారణాన్ని ఒక కాగితం మీద రాసుకో. తరువాత లెక్క చేసి, రెండూ కలిపి నాకు పంపు. ఊహ తప్పినా సరే, కొట్టివేయకుండా అలాగే పంపు. నాకు ముందుగా చదవాలని ఉన్నది ఆ కారణమే.

నీ జవాబు కోసం ఎదురుచూస్తూ,

నీ మిత్రుడు