దుప్పట్లు సరే, కిరాయి ఇల్లెవరిస్తారు?

సంపాదకుడికి,

చలికాలం వచ్చిందంటే మహబూబ్‌నగర్‌లో ఇల్లు లేక రోడ్డు మీద ఉండేవాళ్లకు దుప్పట్లు పంచుతున్న ఫొటోలు పేపర్లో వరుసగా వస్తాయి. మంచిదే, దుప్పటి ఎవరికి చేదు. కానీ ఆ మనుషులు మార్చిలో కూడా అక్కడే ఉంటారు, అప్పుడు ఫొటోలు తీసేవాళ్లే కనపడరు. బస్టాండ్ దగ్గర టీ కొట్టు పక్కన ఒకామె ఉంటుంది, మండుటెండలో కూడా స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని, మూట మీద చెయ్యి తియ్యకుండా. టీ ఇస్తే తాగుతుంది, పేరడిగితే లేచి వెళ్లిపోతుంది. ఆధార్ లేదు, అది లేనిదే ఆసరా పింఛను రాదు.

లక్ష జనాభాకు కనీసం వంద మందికి చోటుండేలా, ఏడాది పొడవునా 24 గంటలూ తెరిచి ఉండే షెల్టర్లు కట్టాలని 2013లోనే కేంద్రం పట్టణ జీవనోపాధి పథకంలో పెట్టింది. అవి ఉండాల్సిందే. అయితే పనికోసం వచ్చి నాలుగు రాత్రులు తలదాచుకునే కూలీకి సరిపడే హాలు, మతి చెదిరి ఏళ్ల తరబడి రోడ్డు మీదున్న మనిషికి సరిపోదు. ఆస్పత్రిలో చేర్చి, మందులు పడి, కాస్త తేరుకున్నాక ఇంటివాళ్లు రానివ్వకపోతే ఆ మనిషి మళ్లీ బస్టాండుకే కదా వచ్చేది.

చెన్నైలో వందనా గోపికుమార్, వైష్ణవి జయకుమార్ అనే ఇద్దరు 1993లో బానియన్ అని ఒక సంస్థ పెట్టి, రోడ్డు మీదున్న ఇలాంటి ఆడవాళ్లకు ఆశ్రయం, వైద్యం మొదలుపెట్టారు. నయమయ్యాక కూడా వెళ్లడానికి ఇల్లు లేనివాళ్లు మిగిలిపోతుంటే 2015లో 'హోమ్ ఎగైన్' అని ఇంకో దారి పట్టారు. మామూలు వీధిలో మామూలు ఇల్లు కిరాయికి తీసుకుని నలుగురైదుగురిని కలిపి ఉంచుతారు, ఎవరితో ఎవరు ఉండాలో వాళ్లే చూసుకుంటారు. వంట, బజారు, చేతనైతే పని, అన్నీ వాళ్లవే. అవసరాన్ని బట్టి తోడుగా ఒక మనిషి ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో మంచి పద్ధతుల్లో ఒకటిగా దీన్ని చూపించింది. కుటుంబం లేదనో, ఇల్లు లేదనో ఎవరినీ మానసిక ఆస్పత్రిలోనే ఉంచేయకూడదని మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా చెబుతోంది, మరి బయట ఎక్కడుంటారో చూడాల్సింది ఎవరు?

మన దగ్గర జనరల్ ఆస్పత్రి ఉంది, మెప్మా (పట్టణాల్లో పేదరిక నిర్మూలనకు ప్రభుత్వం పెట్టిన సంస్థ) మహిళా సంఘాలున్నాయి. సంఘాల్లో ఓపికున్న ఆడవాళ్లకు శిక్షణ, జీతం ఇస్తే తోడుండే మనిషి దొరికినట్టే. మున్సిపల్ కార్పొరేషన్ వాళ్లు ముందు రెండిళ్లతో మొదలుపెట్టినా చాలు. అసలు చిక్కు మన ఇంటి ఓనర్లతోనే. ఉద్యోగస్తులకు ఇవ్వడానికే కులం అడిగి, నీసు వండుతారా అని ఆరా తీసేవాళ్లం (నన్ను కూడా కలుపుకునే అంటున్నా), ఇలాంటివాళ్లకు తలుపు తీస్తామా? చుట్టుపక్కలవాళ్లు మొదట గొడవ చేస్తారు, అందుకే కార్పొరేటర్లు ముందే వీధిలో కూర్చోబెట్టి మాట్లాడాలి.

మా ఇంట్లో కింది పోర్షన్ ఖాళీగానే ఉంది. ఎవరైనా బాధ్యతగా నడిపిస్తామంటే ఇస్తాను. కిరాయి మాత్రం మామూలుగానే తీసుకుంటా, అడ్వాన్స్ అక్కర్లేదు.

ఇట్లు,
ఒక పాఠకుడు, మెట్టుగడ్డ, మహబూబ్‌నగర్