కేబుల్ తెంచిన కెమెరామన్

ఒరేయ్ మావా,

సురభి నాటకాల వాళ్ల వెంట నెల్లాళ్లు తిరిగి డాక్యుమెంటరీ తీస్తానని రాశావు. చదవగానే ప్రాణం లేచొచ్చింది. ఏ కెమెరా కొనమంటావని అడిగావు కదా, దానికి జవాబు చివర్లో చెప్తా. ముందు నీకు ఒక మనిషిని పరిచయం చెయ్యాలి. పేరు రిచర్డ్ లీకాక్. 1954లో ఆయన దాదాపు నీ సబ్జెక్టే తీశాడు. అమెరికా పల్లెల్లో డేరా వేసుకుని ఊరూరా నాటకాలాడే ఒక బృందం, దాన్ని నడిపేది భార్యాభర్తలు. రేపు నీకు ఎదురయ్యే చిక్కే అప్పుడు ఆయనకీ ఎదురైంది. ఆ ముడి విప్పడానికి ఆ తర్వాత ఏళ్ల తరబడి కూర్చున్నాడు.

1921లో లండన్‌లో పుట్టాడు. వాళ్ల నాన్నకి కేనరీ దీవుల్లో అరటితోటలు. చదువుకని ఇంగ్లండు బోర్డింగ్ స్కూలుకి పంపారు. తను పెరిగిన చోటు ఎలా ఉంటుందో తోటి పిల్లలకి మాటల్లో చెప్పలేక, 1935లో, పద్నాలుగేళ్లకే, 16 ఎం.ఎం. కెమెరాతో ఆ తోటల మీద చిన్న మూకీ తీసేశాడు. డాక్యుమెంటరీలకి ఆద్యుల్లో ఒకడైన రాబర్ట్ ఫ్లాహర్టీ కూతుళ్లు అదే స్కూల్లో చదివేవాళ్లు. అలా ఆ మూకీ ఫ్లాహర్టీ కంట పడింది. ఆ కుర్రాణ్ణి ఆయన మర్చిపోలేదు. పదకొండేళ్ల తర్వాత తన సినిమా 'లూసియానా స్టోరీ'కి కెమెరామన్‌గా పిలిచాడు. ఈ మధ్యలో లీకాక్ హార్వర్డ్‌లో ఫిజిక్స్ చదివాడు, యుద్ధంలో బర్మా, చైనాల్లో సైన్యం తరఫున కెమెరా మోశాడు. ఫిజిక్స్ ఎందుకంటావా? పెట్టె లోపల ఏం జరుగుతోందో తెలియకుండా దాన్ని వాడటం ఆయనకి నచ్చదు. ఆ చదువే తర్వాత అక్కరకొచ్చింది.

'లూసియానా స్టోరీ' షూటింగ్ పద్నాలుగు నెలలు. చిత్తడి నేలలు, పడవ, ఒక పిల్లాడు. చేతిలో చిన్న యారిఫ్లెక్స్ కెమెరా ఉన్నంతసేపూ ఫ్లాహర్టీ, లీకాక్ ఎటు కావాలంటే అటు తిరిగారు. ఆకు కదిలితే ఆకు, నీళ్లు కదిలితే నీళ్లు. మాటలున్న సీను వచ్చిందా, అంతా బిగుసుకుపోయేది. సౌండ్ కోసం పెద్ద కెమెరా, దాని చప్పుడు బయటికి రాకుండా మందపాటి డబ్బా, స్టాండు, కరెంటు, సౌండ్ వాళ్ల సామాను. 'ఇక్కడ నిలబడు, ఇప్పుడు మాట్లాడు' అని మనుషులకి చెప్పాల్సొచ్చేది. అలా చెప్పాక వాళ్లు వాళ్లలా ఉండరు కదా. ఇది లీకాక్‌ని తొలిచేసింది. డేరా నాటకాల దగ్గరా ఇదే గొడవ. స్టేజీ మీది నాటకం ఎలాగోలా దొరుకుతుంది. డేరా వెనక మేకప్ తుడుచుకుంటూ వాళ్లు మాట్లాడుకునేది మాత్రం చేతికి చిక్కదు.

సౌండ్‌తో అసలు చిక్కేమిటో కాస్త ఓపిగ్గా చదువు, నీకు పనికొస్తుంది. ఫిల్ముకి అంచున చిల్లులుంటాయి, సెకనుకి 24 ఫ్రేములు లెక్కగా లాగొచ్చు. సౌండ్ రికార్డు చేసే పావంగుళం టేపుకి చిల్లులుండవు. అది జారుతుంది, సాగుతుంది, బ్యాటరీ తగ్గితే నెమ్మదిస్తుంది. వెయ్యింట ఒక వంతు తేడా వచ్చిందనుకో, పది నిమిషాలకి 0.6 సెకను, అంటే 14 ఫ్రేములు. రెండు మూడు ఫ్రేములు తప్పితేనే మన కన్ను పట్టేస్తుంది, పెదవులొకటి మాటొకటి అని. 14 అంటే ఇక చూడలేం.

దీనికి మొదటి విరుగుడు పైలట్ టోన్. కెమెరా మోటారు తిరిగే వేగాన్ని బట్టి ఒక సన్నటి కరెంటు సిగ్నల్ పుడుతుంది. అది కేబుల్ మీదుగా వెళ్లి టేపు మీద మాటలతో పాటే రికార్డవుతుంది. తర్వాత స్టూడియోలో ఆ సిగ్నల్‌ని ఆధారం చేసుకుని, టేపు వేగాన్ని సరిదిద్దుతూ చిల్లులున్న మాగ్నెటిక్ ఫిల్ము మీదికి ఎక్కిస్తారు. లెక్క బాగానే ఉంది. కానీ కెమెరామన్నీ సౌండ్ మనిషినీ ఒక తాడుకి కట్టేసినట్టే అయింది. ఒకరు తలుపు దాటితే రెండోవాళ్లు దాటాలి. జనంలోకి వెళ్తే కేబుల్ ఎవరి కాళ్లకో చుట్టుకుంటుంది. లోపల తీగ తెగితే పైకి తెలియదు, సిగ్నల్ పడలేదని ఎడిటింగ్ బల్ల మీద గానీ బయటపడదు.

1960లో 'ప్రైమరీ' అనే డాక్యుమెంటరీ తీసేనాటికి ఆ కేబుల్ ఇంకా ఉంది. రాబర్ట్ డ్రూ అని లైఫ్ పత్రిక మనిషి, లీకాక్ డేరా సినిమా చూసి వెతుక్కుంటూ వచ్చినవాడు, ఆయన నడిపించిన బృందం అది. లీకాక్, ఆల్బర్ట్ మేసిల్స్, పెన్నెబేకర్, టెరెన్స్ మెకార్ట్నీ-ఫిల్గేట్ కెమెరాలు పట్టారు. అధ్యక్ష పదవికి డెమొక్రాటిక్ పార్టీ తరఫున ఎవరు నిలబడాలా అని విస్కాన్సిన్ రాష్ట్రంలో కెనడీకీ హంఫ్రీకీ పోటీ. ఏప్రిల్ 5న ఓటింగ్.

అందులో ఒక షాట్ పదిసార్లు చూడు. కెనడీ జనాన్ని తోసుకుంటూ హాల్లోకి వెళ్తుంటే, మేసిల్స్ కెమెరాని తల మీదికెత్తి వెనకే వెళ్లాడు. సన్నటి నడవ, చేతులు, టోపీలు, తలుపు, మెట్లు, చివరికి స్టేజీ. కట్ లేదు. లెన్సు బాగా వైడు, 5.7 ఎం.ఎం. అంత వైడు కాబట్టే రెండు లాభాలు. చెయ్యి వణికినా తెరమీద పెద్దగా తెలియదు. ఫోకస్ తిప్పే పని కూడా లేదు, అడుగు దూరం నుంచి అవతలి గోడ దాకా అంతా స్పష్టంగా పడుతుంది. దూరాన్ని దగ్గరికి లాగే టెలి లెన్సుతో ఇదే చేస్తే మసకా వణుకూ తప్ప ఏమీ మిగలదు. ఇంకో సంగతి, ఆ షాటుకి సౌండ్ విడిగా వేసిందే. చప్పుడు చేసే చిన్న కెమెరా కాబట్టే అంత చురుగ్గా కదిలింది. స్టేజీ మీద కెనడీ భార్య జాక్వెలిన్ మాట్లాడేటప్పుడు కెమెరా వెనక్కెళ్లి ఆమె వీపు వెనక చేతులు చూపిస్తుంది. గ్లవ్సు తొడిగిన వేళ్లు ఒకదాన్నొకటి నలుపుకుంటుంటాయి. ముఖంలో ఆ కంగారు లేదు.

ఫలితాల రాత్రి హోటల్ గదిలో లీకాక్ ఏం చేశాడో తెలుసా? మూలనున్న వాలుకుర్చీలో కూర్చుని కెమెరా ఒళ్లో పెట్టుకున్నాడు. వ్యూఫైండర్‌లో కన్ను పెట్టలేదు. కెనడీ ఆయన్ని మర్చిపోయాడు.

అదే ఏడు బులోవా కంపెనీ అక్యూట్రాన్ గడియారం తెచ్చింది. లోపల బుల్లి శృతిదండం, సెకనుకి 360 కంపనాలు. దీన్ని సింక్‌కి, అంటే బొమ్మకీ మాటకీ జత కుదర్చడానికి, వాడొచ్చని లీకాక్‌కి తట్టింది. 360ని 6తో భాగిస్తే 60, పైలట్ టోన్‌కి కావాల్సిన అంకె అదే. కెమెరాకొకటి, రికార్డర్‌కొకటి పెట్టేస్తే రెండూ ఒకదాన్నొకటి అడక్కుండానే ఒకే తాళంలో నడుస్తాయి. నెలకి ఒక్క నిమిషం తప్పే గడియారమైతే పది నిమిషాలకి 0.014 సెకను తేడా, అంటే ఒక ఫ్రేములో మూడో వంతు! కేబుల్‌తో పనే లేదు. ఫిజిక్స్ చదివిన కెమెరామన్ అంటే నాకు అంత గౌరవం ఇందుకే. తర్వాత క్వార్ట్జ్ క్రిస్టల్ వచ్చి ఆ గడియారాల్ని పక్కకి నెట్టింది.

కెమెరా సంగతీ అంతే. ఆరికాన్ అని, స్టాండు మీద పెట్టి వార్తలు తీసే నిశ్శబ్దమైన కెమెరా ఉండేది. దాని ఒళ్లు కోసి, తేలిక చేసి భుజం మీదికి తెచ్చారు. 400 అడుగుల రీలు పెడితే 16 ఎం.ఎం.లో 11 నిమిషాలు. ఆ తర్వాత నల్లసంచిలో చేతులు దూర్చి, కళ్లతో పనిలేకుండా తడుముకుంటూ రీలు మార్చాలి. లోపలికి ఒక వెంట్రుక దూరిందా, గేటులో, అంటే ఫిల్ము మీద వెలుతురు పడే కిటికీలో, ఇరుక్కుని రీలంతా తెరమీద ఆడుతూనే ఉంటుంది. అందుకే రీలు మార్చినప్పుడల్లా గేటు చూడటం వాళ్లకి స్నానం లాంటి అలవాటు.

సామాను తేలికయ్యాక నియమాలు గట్టిపడ్డాయి. స్టాండు వద్దు, లైట్లు వద్దు, ప్రశ్నలు వద్దు, 'మళ్లీ ఒకసారి చెయ్యండి' అనే మాటే వద్దు. 1962లో నెహ్రూ మీద తీసిన సినిమాకి మన దేశం వచ్చినప్పుడు కూడా ఒప్పందం ఇదే: మేం మిమ్మల్ని ఏమీ అడగం, మీరు మమ్మల్ని పట్టించుకోవద్దు. 1963లో సౌత్ డకోటాలో ఒక తల్లికి ఒకే కాన్పులో అయిదుగురు పుట్టారు. ఊరు ఊరంతా పరేడ్లు, విందులు అంటూ హడావుడి. జాయిస్ చోప్రాతో కలిసి లీకాక్ ఆ సందడిలో తల్లి ముఖాన్ని వదల్లేదు. టీవీ వాళ్లు అదే ఫుటేజీతో తమకి కావాల్సినట్టు వేరే సినిమా చేసుకున్నారు. రెండూ పక్కపక్కన పెట్టి చూడు, ఎడిటింగ్ ఏం చేయగలదో అర్థమవుతుంది.

1969 నుంచి దాదాపు ఇరవయ్యేళ్లు ఎం.ఐ.టి.లో పాఠాలు చెప్పాడు. అక్కడా అదే తపన, సూపర్ 8 అనే చిన్న ఫిల్ము కెమెరాకి సింక్ సౌండ్ కట్టి కుర్రాళ్ల చేతికిచ్చాడు. తర్వాత పారిస్ వెళ్లి, వాలరీ లలాండ్‌తో కలిసి అరచేతిలో పట్టే వీడియో-8 కెమెరాతో సినిమాలు తీశాడు. 2011 మార్చిలో అక్కడే పోయాడు, ఎనభై తొమ్మిదేళ్లకి.

ఇప్పుడు నీ సంగతి. కెమెరా ఏదైనా ఫరవాలేదు, చప్పుడు చెయ్యకూడదు, ఒంటిచేత్తో పట్టగలగాలి. ఒక్క వైడు లెన్సు చాలు, మొదటి వారం దాన్ని మార్చకు. సౌండ్ మాత్రం వేరే రికార్డర్‌లో, 48 కిలోహెర్ట్జ్‌లో చెయ్యి. కెమెరాకీ రికార్డర్‌కీ గడియారాలు వేరు కాబట్టి రెండు గంటల నాటకం చివరికి కొన్ని ఫ్రేములు జారడం మామూలే. మొదట్లో ఒక చప్పట్లు, చివర్లో ఒక చప్పట్లు కెమెరాకి కనిపించేలా కొట్టు. చివరి చప్పట్ల దగ్గర తేడా కొలిచి, ఆ మేరకి ఆడియోని సాగదీస్తే మధ్యలో అంతా కూర్చుంటుంది. ఫోన్‌తో తీస్తే ఫ్రేము రేటు దానంతటదే మారుతుంది, సింక్ అక్కడ చెడుతుంది. సెకనుకి 25 ఫ్రేములకి కట్టిపడేసే యాప్ వాడు.

వేషగాళ్ల ఒంటికి కాలర్ మైకు పెట్టకు. జరీ, పూసలు, భుజకీర్తులు రాసుకుని మాటకన్నా గలగలే ఎక్కువ పడుతుంది. బూమ్, అదే కర్ర చివర కట్టిన మైకు, కింది నుంచి, పొట్ట ఎత్తున పట్టించు. హార్మోనియానికి విడిగా ఇంకో మైకు. నీతో వచ్చే సౌండ్ కుర్రాడు తెర వెనక తిరుగుతాడు కాబట్టి చెప్పుల్లేకుండా రమ్మను, చెక్క స్టేజీ ప్రతి అడుగునీ మోసుకొస్తుంది. మొదటి మూడు రోజులు కెమెరా మెడలో వేసుకుని ఊరికే కూర్చో, వాళ్లతో టీ తాగు. మేకప్ పెట్టె పక్కన ఒక మూల చూసుకుని అక్కడే ఉండు, కెమెరా ఒళ్లో పెట్టుకుని.

మొదటి రీలు, అదే మొదటి కార్డు నిండగానే ఏది పడిందో, ఏది జారిపోయిందో రాయి. ఎదురు చూస్తుంటా.

నీ
మావ