అరెస్టు అంటే ఏమిటో ఒకసారి చదవండి

అందరికీ నమస్కారం. నిన్న మన అపార్ట్‌మెంట్‌లో ఒక పెద్దాయనకు వీడియో కాల్ వచ్చింది. ఖాకీ బట్టల్లో ఉన్న మనిషి "మీరు డిజిటల్ అరెస్టులో ఉన్నారు, ఫోన్ పెట్టేయొద్దు" అని రెండు గంటలు కూర్చోబెట్టాడు. పాపం, ఆయన మంచినీళ్లకు కూడా లేవలేదు. కోడలు చూసి ఫోన్ లాక్కోబట్టి డబ్బు పోలేదు.

మన చట్టంలో డిజిటల్ అరెస్టు అనేదే లేదు. అరెస్టు అంటే చట్టం ఇచ్చిన అధికారంతో మనిషిని అదుపులోకి తీసుకోవడం. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (అరెస్టు, దర్యాప్తు ఎలా జరగాలో చెప్పే చట్టం) 43వ సెక్షన్ ప్రకారం, పోలీసు ఆ మనిషిని తాకాలి లేదా కదలకుండా పట్టుకోవాలి. తనంతట తాను లొంగిపోతే ఆ అవసరం లేదు. ఆడవాళ్లను మగ పోలీసులు మామూలుగా తాకకూడదు.

అరెస్టు చేస్తే ఎందుకో చెప్పాలి, ఇంట్లోవాళ్లకు తెలియజేయాలి. ప్రయాణ సమయం కాకుండా 24 గంటల్లోపు మెజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. ఇది రాజ్యాంగం 22వ అధికరణం ఇచ్చిన హక్కు, ఎవరి దయా కాదు.

ఇంకొకటి, స్టేషన్‌కు రమ్మని నోటీసు వస్తే అది అరెస్టు కాదు. టెన్షన్ పడకుండా లాయర్‌తో మాట్లాడి వెళ్లండి. వెళ్లకుండా మాత్రం ఉండొద్దు.

ఇంట్లో పెద్దవాళ్లకు ఇది చదివి వినిపించండి. అలాంటి కాల్ వస్తే కట్ చేసి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. అర్ధరాత్రయినా సరే, నా తలుపు కొట్టండి.