అమ్మాయి వేలికి ఉంగరం ఏదిరా?

చిరంజీవి అబ్బయ్యకు, అమ్మ ఆశీర్వదించి రాసేది.

ఇక్కడ మేమంతా క్షేమం. మీ నాయనకు మోకాలి నొప్పి తగ్గింది, పొద్దున్నే ట్రంకు రోడ్డు దాకా నడిచి వస్తున్నారు. కావలిలో ఎండలింకా తగ్గలేదు. చిన్నక్క పిల్లలు ఆదివారం వచ్చి రెండు రోజులుండి పోయారు. నువ్వు ఫోన్ చేసి పదకొండు రోజులైంది. "బాగున్నాం మా" అని మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి, చూస్తున్నా. ఫోన్లో చెబితే ఊ కొట్టి పెట్టేస్తావు. కాగితమైతే ఫ్రిజ్ మీద అంటించుకుని మళ్ళా మళ్ళా చూసుకోవచ్చని ఉత్తరం రాస్తున్నా.

ముందు పార్శిల్ సంగతి. కోడలమ్మాయి కడుపుతో ఉంది గదా, పుట్టబోయే బిడ్డకు గుడ్డలు కుట్టించి ఆర్టీసీ కార్గోలో వేశా. మీ తాతయ్య ఎనిమిది మూరల పంచెలు మూడు తీసి, ఒక్కోటి నాలుగు ముక్కలు చేసి పన్నెండు పొత్తిగుడ్డలు కుట్టించా. జరీ అంచు కోసేయించా, పసి ఒంటికి గీసుకుంటుంది. పైపంచెలతో గోచీగుడ్డలు రెండు డజన్లు. ఆ పంచెలు ఇన్నాళ్ళూ ట్రంకుపెట్టెలో కలరా ఉండల మధ్య ఉన్నాయి. అందుకని వేడినీళ్ళలో రెండుసార్లు ఉతికి, మూడు రోజులు డాబా మీద ఎండలో వేసి, వాసన పూర్తిగా పోయాకనే కత్తెర పెట్టా. మీ బీరువాలో, బాత్‌రూములో కలరా ఉండలుంటే ఈ రోజే తీసి పారెయ్యి. ఆ ఘాటుకు కొందరు పసిపిల్లల్లో ఎర్ర రక్తకణాలు పగిలిపోయి కామెర్లు ముదురుతాయి. జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతో తక్కువగా ఉండే పిల్లలకు మరీ ప్రమాదం. మన బిడ్డకు అది తక్కువో కాదో పుట్టకముందు మనకెట్టా తెలుస్తుంది? షాపులో కొన్న చొక్కాలు కూడా ఒకసారి ఉతికి ఎండబెట్టాకే వాడండి.

సింగరాయకొండ అత్తయ్య పోయిన వారం మీ ఇంటికొచ్చి వెళ్ళింది గదా. వచ్చి అన్నీ చెప్పింది. ఇల్లు శుభ్రంగా పెట్టుకున్నారని, అమ్మాయి బెండకాయ పులుసు బాగా చేసిందని. మాటల్లో మాటగా, ఉంగరం వేలికి బిగిసిపోతే సబ్బు రాసి తీశారని కూడా చెప్పింది. అప్పుడు నువ్వు పంపిన ఫోటో మళ్ళా తీసి చూశా. వేలికి ఉంగరం లేదు. కాళ్ళకు పట్టీలు కూడా లేవు. కళ్ళ కింద కాస్త ఉబ్బినట్టుంది. వెలుతురు వల్ల అట్టా పడిందేమో అని మీ నాయన అంటున్నారు. కావచ్చు.

ఈ శుక్రవారానికి 33 వారాలు నిండాయి. 28 వారాల నుంచి రెండు వారాలకోసారి, 36 దాటితే వారం వారం చూపించుకోవాలి. పోయిన వారం వెళ్ళారా? బీపీ ఎంతని రాశారు? కార్డులో ఆ పేజీ ఫోటో తీసి పంపరా.

కాళ్ళ వాపు చాలామందికి వస్తుంది. సాయంత్రానికి పాదాలు ఉబ్బి, రాత్రి పడుకుని లేచేసరికి తగ్గిపోతే అంత కంగారు లేదు. తెల్లారి లేచేసరికే ముఖం, చేతివేళ్ళు ఉబ్బి ఉంటేనే ఆలోచించాలి. రేపు పొద్దున అమ్మాయి మంచం దిగకముందే మోకాలి కింద ఎముక మీద నీ బొటనవేలు పెట్టి ఐదు సెకన్లు గట్టిగా నొక్కి తియ్యి. నొక్కిన చోట గుంట పడి, నీ వేలి ముద్ర అట్టాగే నిలబడితే ఒంట్లో నీరు చేరిందని లెక్క. బరువు కూడా రాసిపెట్టు. ఈ నెలల్లో నెలకు రెండు కిలోలు పెరగడం మామూలు. మూడు దాటితే ఎందుకు పెరిగిందో డాక్టరమ్మను అడగాలి.

కడుపుతో ఉన్నప్పుడు బీపీ పెరిగే జబ్బొకటుంది, ప్రీఎక్లాంప్సియా అంటారు. దానికీ ఇట్టా వాపు రావచ్చు, అందుకే బీపీ చూడాలనేది. బీపీ మిషను ఇంట్లో లేకపోతే కొను. మణికట్టుకు కట్టేది వద్దు, దండకు చుట్టేది తీసుకో. చూడడానికి ఒక పద్ధతుంది, అది తప్పితే అంకె తప్పుతుంది. కాఫీ తాగి అరగంటైనా కావాలి. మూత్రానికి వెళ్ళి రావాలి. వీపు ఆనించి కుర్చీలో కూర్చోబెట్టు, పాదాలు నేలకు ఆనాలి, కాలు మీద కాలు వేసుకోకూడదు. ఐదు నిమిషాలు ఊరకే కూర్చోనీ. చెయ్యి బల్ల మీద గుండె ఎత్తున ఉండాలి. పట్టీ జాకెట్టు చేతి మీద కాకుండా ఒంటి మీదే, మోచేతి మడతకు రెండు వేళ్ళ పైన చుట్టు. దండ లావుగా ఉండి పట్టీ చిన్నదైతే లేని బీపీ చూపిస్తుంది, దండకు మించి పెద్దదైతే ఉన్న బీపీని తక్కువ చేసి చూపిస్తుంది. కొలిచేటప్పుడు మాట్లాడించొద్దు. నువ్వు పక్కన నిలబడి "ఎంతొచ్చింది, ఎంతొచ్చింది" అంటే కూడా పెరుగుతుంది. రెండు నిమిషాల తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాయి. పొద్దునోసారి, సాయంత్రమోసారి.

140/90 లోపల ఉంటే సరే. పైది గానీ కిందిది గానీ ఆ గీత తాకితే అదే రోజు డాక్టరమ్మకు ఫోన్ చేసి వెళ్ళాలి. 160/110 అయితే అర్ధరాత్రైనా సరే, బండి తియ్యి, లేకపోతే 108కు చెయ్యి. ఇంకోమాట. తలనొప్పి తగ్గకపోయినా, చూపు మసకగా అనిపించినా, కళ్ళ ముందు మెరుపులు కనపడినా, కుడి పక్కటెముకల కింద నొప్పొచ్చినా మిషన్ ఏం చెప్పిందని చూడొద్దు. వెళ్ళిపోవడమే.

అల్లూరు అత్త కూతురి సంగతి నీకు పైపైన తెలుసు. అప్పుడు నీకు పరీక్షలని వివరంగా చెప్పలేదు. ఆ పిల్లది కూడా తొలిచూలే. 34వ వారం. సన్నటి పిల్ల, మొదట్నుంచీ బీపీ 100/60 దాటేది కాదు. ముందు గాజులు బిగిశాయి. కొత్త గాజులు తొడగాలని సంబరపడ్డారు ఇంట్లోవాళ్ళు. తర్వాత చెప్పులు పట్టలేదు, వాళ్ళాయన చెప్పులేసుకుని తిరిగింది. ఎవరో మందుల షాపులో బీపీ చూసి 138/88, నార్మలే అన్నారు. అంకె చూస్తే గీత లోపలే ఉంది గానీ, 100/60 ఉండే పిల్లకు అంత ఎందుకు పెరిగిందని ఎవరూ అడగలేదు. ఆ వారం కార్డులో పాత అంకెల పక్కన ఈ అంకె రాసి ఉంటే ఎవరికైనా కనపడేది. మూడు రోజులు తలనొప్పి. అమృతాంజనం రాశారు, దిష్టి తీశారు, ఎండ దెబ్బని మజ్జిగ తాగించారు. నాలుగోనాడు పొద్దున గోడ మీది క్యాలెండర్లో అంకెలు రెండేసి కనపడుతున్నాయంది. కడుపులో పైన మంటంటే గ్యాసని మాత్ర వేశారు. అత్త తమ్ముడు ఆ టైముకు ఇంటికి రాబట్టి సరిపోయింది, బండి మాట్లాడి పీహెచ్‌సీకి తీసుకొచ్చాడు. అక్కడ చూస్తే 170/110, మూత్రంలో ప్రోటీను మూడు ప్లస్సులు, అంటే బాగా ఎక్కువ. అక్కడికక్కడ మెగ్నీషియం సల్ఫేటు రెండు పిరుదులకూ ఐదేసి గ్రాములు ఇచ్చి నెల్లూరు పంపారు. ఆ ఇంజక్షన్ ఫిట్స్ రాకుండా ఆపడానికి. ఫిట్స్ వస్తే తల్లికీ బిడ్డకూ ప్రాణం మీదకొస్తుంది. బీపీ కిందికి తెచ్చి, బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడేందుకు స్టెరాయిడ్ ఇంజక్షన్లిచ్చి, ఆపరేషన్ చేసి తీశారు. కిలో ఎనిమిది వందల గ్రాములు. తల్లి రొమ్ముల మధ్య, ఒంటికి ఒళ్ళు తగిలేట్టు కట్టుకుని ఇరవై రోజులు పెంచింది. వాడే ఇప్పుడు మూడో క్లాసు బుజ్జిగాడు, చిన్నక్క పిల్లలతో మన మామిడిచెట్టెక్కేది.

భయపెట్టాలని రాయలేదు నాయనా. వేళకు పట్టుకుంటే అదుపులో పెట్టే జబ్బని చెప్పడానికి రాశా. ఇది తిండి వల్లో, అత్తామామల మాటల వల్లో వచ్చేది కాదు. కడుపులో బిడ్డకు తిండి అందించే మాయ దగ్గర మొదలయ్యే జబ్బు. తొలిచూలుకు ఎక్కువ. ఉప్పు పూర్తిగా మానేస్తే పోదు, నీళ్ళు తక్కువ తాగితే వాపు తగ్గదు. ఎవరైనా నీరు దిగే మాత్ర చెబితే వేయొద్దు. ఊరగాయ, అప్పడాలు, ఎండుచేపలు మటుకు తగ్గించమను.

చేపలంటే గుర్తొచ్చింది. కానాగంతలు, కొరమేను వారానికి రెండుసార్లు పులుసు పెట్టుకోండి, మంచిదే. సొర మాత్రం ఇప్పుడూ వద్దు, పురుడయ్యాకా వద్దు. మనవైపు బాలింతకు పాలు పడతాయని సొరపుట్టు పెడతారు గదా, ఆ పెద్ద చేప ఒంట్లో పాదరసం పేరుకుని ఉంటుంది. పాలు పడేది బిడ్డ చీకితేనే. పుట్టిన గంటలోపు రొమ్ముకు పట్టించాలి. ముర్రుపాలు పిండి పారెయ్యమని ఎవరన్నా వినొద్దు. తేనె, పంచదార నీళ్ళు, ఆముదం ఏదీ నోట్లో పెట్టొద్దు. బొడ్డుకు పసుపు, పౌడరు రాయొద్దు, పొడిగా వదిలెయ్యాలి. మొదటి స్నానం 24 గంటలు దాటాకే. అమ్మాయి వాళ్ళమ్మ, కనిగిరి వదినగారు ఆవాల దిండు కుడుతున్నారని విన్నా. ఆమె మనసు నొప్పించకుండా తీసుకుని దాచిపెట్టు. పసిబిడ్డ దిండు లేకుండా గట్టి పరుపు మీద వెల్లకిలా పడుకోవాలి.

ఐరన్ మాత్ర నిమ్మరసంతో, కాల్షియం భోజనంతో, రెండూ వేర్వేరు వేళల్లో వేయమను. కలిపి వేస్తే ఐరన్ ఒంటికి పట్టదు. ఐరన్‌కు కాఫీ, టీ గంట దూరంలో ఉండాలి. ఎడమ పక్కకు తిరిగి పడుకోమను. రాత్రి భోజనమయ్యాక అట్టా పడుకుని కదలికలు లెక్కపెట్టాలి. రెండు గంటల్లో పది రావాలి. రాకపోతే "పడుకుని ఉంటాడులే, రేపు చూద్దాం" అనొద్దు.

సంచి ఇప్పుడే సర్దిపెట్టు. పాత రిపోర్టులన్నీ ఒక ఫైల్లో తారీఖుల ప్రకారం, పైన బ్లడ్ గ్రూపు కాగితం. ఇద్దరి ఆధార్లు, ఇన్సూరెన్స్ కార్డు. ముందు గుండీలుండే నైటీలు మూడు, ప్యాడ్లు రెండు ప్యాకెట్లు, పొత్తిగుడ్డలు ఆరు, గోచీగుడ్డలు డజను, టోపీలు రెండు, ఫోన్ చార్జరు. రక్తం ఇవ్వగలిగిన స్నేహితులిద్దరికి ముందే చెప్పి పెట్టుకో. ఉమ్మనీరు పోతే టైము, రంగు చూసుకో. ఏ రంగులో ఉన్నా నొప్పుల కోసం ఆగొద్దు, ఆకుపచ్చగా ఉన్నా, రక్తం కనపడినా మరీ తొందరగా వెళ్ళాలి. నొప్పులు ఐదు నిమిషాలకోటి, నిమిషమంతసేపు, గంట పాటు వరసగా వస్తే బయల్దేరడమే. నువ్వు ఆ రోజు ఏదైనా తిని బయల్దేరు, కళ్ళు తిరిగి పడ్డావంటే అమ్మాయిని ఎవరు చూస్తారు?

ఇక కనిగిరి ప్రయాణం. తొలికాన్పు పుట్టింట్లోనే జరగాలని వదినగారి కోరిక, ఎనిమిదో నెలలో కదపకూడదని, తొమ్మిదిలో తీసుకెళ్తామని అన్నారు. ఆమె మాట కాదనడం నాకిష్టం లేదు. కానీ బీపీ ఎంతో తెలియకుండా రాత్రంతా బస్సులో పంపడం నాకు ససేమిరా ఇష్టం లేదు. రెండు వారాలు అంకెలు బాగుంటే, డాక్టరమ్మ రాసిస్తే, 36 నిండకముందే పగటి ప్రయాణం చెయ్యండి. అంకెలు బాగాలేకపోతే మీరు కదలొద్దు. పసిపిల్లల ఐసీయూ ఉన్న ఆసుపత్రి ఇప్పుడు మీరున్న చోటే దగ్గర. వదినగారితో నేను మాట్లాడతా, మేమిద్దరం సింహపురి రైలుకు మీ దగ్గరికి వస్తాం. పథ్యం పేరుతో బాలింతకు నీళ్ళు తగ్గించకుండా నేను పక్కనే ఉంటా. కాన్పయ్యాక కూడా ఆరు వారాలు బీపీ చూడాలి, పుట్టింట్లో ఆ మిషను ఎవరు పెడతారు?

నువ్వు ఆఫీసులో రాత్రి పది దాకా ఉంటున్నావని అత్తయ్యే చెప్పింది. ఈ ఏడు వారాలు ఏడింటికల్లా ఇంట్లో ఉండు. కళ్ళు మంటలంటావు, తలకు నూనె పెట్టుకుంటున్నావా?

ఉత్తరం అందిన రోజు సాయంత్రమే చూడు. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, రెండుసార్లు. రెండంకెలూ పంపు, బాగున్నాం అని రాయొద్దు.

మీ నాయన ఆశీస్సులు చెప్పమన్నారు.

ఇట్లు,
అమ్మ

మరిచా, ఉంగరం కంసాలి దగ్గరకు పట్టుకెళ్ళి పెద్దది చేయించొద్దు. కాన్పయ్యాక నీరు తీసి వేలు మామూలవుతుంది, అప్పుడు జారి పడిపోతుంది. చిన్న డబ్బాలో వేసి బీరువాలో పెట్టండి.